సారమ్మ పిన్ని వేలిముద్ర

ఇరవై ఏళ్లు దాటింది. ఈ మాట గొంతు దాకా రావడం, నేను మింగేయడం, ఇదే వరస. మా ఆయనకు చెప్పలేదు. చర్చిలో మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా ఏవేవో చిన్న పాపాలు ఒప్పుకున్నాను గాని దీని జోలికి పోలేదు. దేవుడికి తెలుసులే అని సరిపెట్టుకున్నాను. తెలిసినవాడికి చెప్పడంలో కష్టమేముంది? అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే కాస్త ధైర్యం.

నేను కలకత్తాలో, వాట్‌గంజ్‌లో పుట్టాను. మా వాళ్లు శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చినవాళ్లు. మా పేటలో పెద్దవాళ్లకు చదువు లేదు. నాకుంది, అదీ బెంగాలీ చదువు. తెలుగు చదవడం బైబిలు పట్టుకుని నేర్చుకున్నాను. ఎవరింటికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. నేను చదివి చెప్పిందే కాగితంలో ఉన్నట్టు. ఆ గొప్ప నాకు బాగానే ఉండేది, దాచడం దేనికి.

ఒక చిన్న టూర్ల ఆఫీసులో బుకింగులు రాసే ఉద్యోగం నాది. రైలు, హోటలు, భోజనం, చూడాల్సిన చోట్లు, అన్నీ కలిపి ఒకటే టిక్కెట్టు. సారమ్మ పిన్ని డార్జిలింగ్ టూరుకు రెండు సీట్లు నా చేతే రాయించుకుంది. పిన్ని అంటే సొంత పిన్ని కాదు, మా చర్చి మనిషి. కార్పొరేషన్‌లో రోడ్లు ఊడ్చి రిటైరైంది. రెండో సీటు ఆమె ఆడబిడ్డ మాణిక్యమ్మకు. ఆవిడదీ అదే పని. ఒక కాలు సరిగా పనిచేయదు, మెట్లెక్కలేదు. ఇద్దరికీ మంచుకొండ చూడాలని ఒకటే కోరిక. కింది అంతస్తు గది, కిటికీలోంచి కొండ కనిపించాలి అని రసీదు మీద నేనే రాసిచ్చాను.

బయల్దేరడానికి రెండు రోజుల ముందు హోటలు మారింది. మా యజమాని చవకలో ఇంకోటి మాట్లాడాడు. రోడ్డు మీద నుంచి డెబ్బై ఎనభై మెట్లు కిందికి దిగాలి. నాకు తెలుసు. ఇప్పుడు చెబితే సీట్లు రద్దు చేసుకుంటారు, చెప్పకు అన్నాడు. చెప్పలేదు. పిన్ని స్టేషనుకు వెళ్తూ మా గుమ్మం ముందు ఆగి కొత్త స్వెటరు చూపించింది కూడా. బాగుంది పిన్నీ అన్నాను.

మాణిక్యమ్మను ఇద్దరు కూలీలు మోసుకుని దించారట. ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది, మళ్లీ ఎత్తించుకోవడానికి ఒప్పుకోలేదు. నాలుగు రోజులూ గదిలోనే. కిటికీ తీస్తే పక్కింటి గోడ. ఆవిడను వదిలి వెళ్లలేక పిన్ని కూడా ఆ గోడే చూసింది.

తిరిగొచ్చాక పిన్ని ఊరుకోలేదు. పార్టీ ఆఫీసులో కూర్చునే పేట పెద్దమనిషి ఒకాయన ఆమెకు ధైర్యం చెప్పాడు. డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్ల కోసం ఇప్పుడో కోర్టు ఉంది, చెప్పిన గది ఇవ్వకపోవడం తప్పే, వకీలు కూడా అక్కర్లేదు, నీ మాట నువ్వే చెప్పుకోవచ్చు అన్నాడు. అర్జీ ఆయనే రాసిపెట్టాడు. నష్టపరిహారం సంగతి పిన్నికి పట్టలేదు. తన మాట తనే చెప్పుకోవచ్చన్న ముక్క మాత్రం పట్టుకుంది. బతుకంతా ఆఫీసుల గుమ్మం బయట నిలబడ్డ మనిషి. జడ్జి ముందు నిలబడి, ఇలా అన్నారు, ఇలా చేశారు అని తన నోటితో చెప్పాలి. అదొక్కటే ఆమెకు కావాల్సింది. కూరగాయలవాడి దగ్గర ఆ ముక్కలు బెంగాలీలో వల్లించి, సరిచేయించుకునేది.

నోటీసు మా ఆఫీసుకు వచ్చింది. యజమాని అరవలేదు. మీ మనిషే కదా, మాట్లాడు అని బెంగాలీలో టైపు చేసిన కాగితం చేతిలో పెట్టాడు. ఈ పని అయితే నీ ఉద్యోగం పర్మనెంటు, కాకపోతే ఆ రసీదు రాసిన మనిషిదే తప్పని చెబుతాను అన్నాడు. కాగితంలో మొదట టూరు పేరు, తేదీలు. ఆఖరి వరస, "ఆమార్ కోనో ఆపొత్తి నేయి." నాకు ఏ అభ్యంతరమూ లేదు అని. దాని కింద వేలిముద్ర పడితే కేసు అక్కడితో సరి.

ఆదివారం ఆరాధన అయ్యాక పిన్ని ఇంటికి వెళ్లాను. ఉన్న సంగతి చెప్పి, కేసు వదిలేయమని కాళ్లావేళ్లా పడదామనే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఏమో. ఇప్పుడు అలా అనుకోవాలనిపిస్తోంది.

"ఏటి రాసుంది పాపా?" అంది పిన్ని, నా చేతిలోని కేసు కాగితం చూసి.

తెలుగులో చెప్పాల్సింది. చెబుదామనే నోరు తెరిచాను. తెరిచి, ఆ వరస ఉన్నదున్నట్టు బెంగాలీలోనే చదివాను.

"ఆపత్తా?" కాసేపు ఆలోచించింది. "నిజిమే మరి. ఏ ఆపత్తూ రానేదు. పేనాలతో తిరిగొచ్చినాం. గది ఇవ్వనేదన్నాను గానీ ఆపదైపోయిందని నాను అన్నేదు. జడ్జీబాబు కాడ అబద్దం ఆడకూడదు కదేటి. ఎక్కడెయ్యాల?"

"ఇక్కడ, పిన్నీ."

ఏం జరిగిందో అర్థమైంది కదా. బెంగాలీవాళ్లకు ఆ మాటకు అర్థం అభ్యంతరం. మనకు ఆపద. పిన్నికి వచ్చింది సంత బెంగాలీ, రేవు హిందీ, వాటిలో ఆ మాట ఆమెకు ఎప్పుడూ తగల్లేదు. నేయి అంటే లేదని తెలుసు, మా శ్రీకాకుళం నోట లేదు కూడా నేదే. ఆమెకు ఆపత్తు నేదు అని వినిపించింది. అది నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. అది కాదు పిన్నీ అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను ఆమె బొటనవేలు పట్టుకుని సిరా పూశాను. ముద్ర పడ్డాక కొబ్బరినూనె రాసి ఆ సిరా తుడిచాను కూడా.

చాలా ఏళ్లు నేను అబద్ధం ఆడలేదనే అనుకున్నాను. ఉన్న అక్షరం ఉన్నట్టు చదివాను, తప్పుగా అనుకుంది ఆమె. ఎంత తెలివైన వాదన. తన ఫిర్యాదులో అబద్ధం దొర్లకూడదని ఆమె వేలు పెట్టింది, ఆ మంచితనమే నా పని సులువు చేసింది. ఇది తలుచుకున్నప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

విచారణకు నన్నే తోడు తీసుకెళ్లింది. గంజి పెట్టిన చీర కట్టుకుంది. పేరు పిలవగానే మా ఆఫీసు తరఫు మనిషి ఆ కాగితం అందించాడు. బల్ల వెనక కూర్చున్నాయన చదివి, ఈ వేలిముద్ర నీదేనా అని అడిగాడు. నాదే అంది, ఉత్సాహంగా. తర్వాత తాను నేర్చుకున్నది మొదలుపెట్టింది. రెండు మూడు మాటలు వచ్చాయి. ఆయన చాలన్నట్టు చెయ్యి ఊపి తర్వాతి కేసు పిలిపించాడు. పిన్ని కదల్లేదు. బంట్రోతు వచ్చి పక్కకు జరగమన్నాడు.

తిరిగి ట్రాము ఎక్కాం. పిన్ని అంది, "నా బంగాళీ బాగోనేదు పాపా. ఆయనకి అర్దం అవనేదు."

అప్పుడైనా చెప్పొచ్చు. మా స్టాపు వచ్చేలోపు ఎన్నిసార్లయినా చెప్పొచ్చు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆ నెలలోనే నా ఉద్యోగం పర్మనెంటు అయింది.

ఆ తర్వాత పిన్ని ఏ ఆఫీసులోనూ నోరు విప్పలేదు. రేషను కార్డుకైనా, పెన్షనుకైనా నన్ను వెంటబెట్టుకెళ్లేది. చేపలవాడితో కలబడి నెగ్గే మనిషి కౌంటరు దగ్గరికొచ్చేసరికి నా వెనక్కి తప్పుకునేది. ఆమె బదులు నేను మాట్లాడేదాన్ని. సొంత కూతురు కూడా ఇంత చూడదని పేటలో నన్ను మెచ్చుకున్నారు. నేను కాదనలేదు.

చివరిసారి ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు మంచివాడే. మంచం మీదికి వంగి, నొప్పి ఎక్కడ మాసీ అని బెంగాలీలో మెల్లగా అడిగాడు. ఆ మాత్రం బెంగాలీ ఆమెకు రాదా? నా వైపు చూసింది, నన్ను చెప్పమన్నట్టు. ఆమె నొప్పి ఎక్కడుందో నాకేం తెలుసు? కడుపులో అన్నాను. ఆయన రాసుకున్నాడు. వారం తిరక్కుండానే పిన్ని పోయింది. నేను చెప్పింది సరైనదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

నన్ను క్షమించమని అడగడం లేదు. అడగాల్సిన మనిషి లేదు. మీరు క్షమించానన్నా అది నాకు చెల్లదు. చెప్పాను, అంతే. ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది. దానికి కూడా సిగ్గుగానే ఉంది.