చెరిపిన చిరునామా

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. మా ఇంట్లో ఎవరైనా మొదలుపెడితే నోరు మూయించేదాన్ని. ఇప్పుడు నేనే చెప్పాల్సి వచ్చినందుకు నామీద నాకే కోపంగా ఉంది.

నయాపూల్‌లో కోర్టు దగ్గర నాకు చిన్న టైపింగ్ షాపు ఉంది. పక్క షాపుల్లో జనాల ఆధార్ కార్డులు, విడాకుల కాగితాలు డెస్క్‌టాప్ మీదే పడి ఉంటాయి. అది చూస్తే నాకు మండుతుంది. డిలీట్ కొట్టినంత మాత్రాన ఫైలు పోదు, తెలిసినవాడు మళ్లీ పైకి తీస్తాడు. అందుకే దాని మీద పిచ్చి అక్షరాలు పదేపదే రాసి చెరిపేసే ప్రోగ్రామ్ పెట్టుకున్నాను. డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేశాను. పాస్‌వర్డ్ నా బుర్రలో తప్ప ఎక్కడా లేదు.

రెహానా అనే అమ్మాయి మొగుడి దెబ్బలు తట్టుకోలేక ఇల్లు వదిలి వచ్చింది. లాల్‌దర్వాజాలో ఒక గది చూసుకుని, అద్దె అగ్రిమెంటు నా దగ్గరే టైపు చేయించింది. ఆ చిరునామా అతనికి దొరికితే తనను బతకనివ్వడని చెప్పింది. ఆమె చూస్తుండగానే ఫైలు చెరిపాను.

కొన్నాళ్లకు ఆ మొగుడు వచ్చాడు. మధ్యాహ్నం, షాపు నిండా జనం. “నా బీవీ ఈడ్నే ఏందో టైప్ చేయించిందంట. గా కాగితం తియ్యి,” అని కౌంటర్ మీద గుద్దాడు. అలాంటివాళ్లను చూస్తే చెప్పు తీయాలనిపిస్తుంది. ఏమీ లేదు, కావాలంటే చూసుకో అని మానిటర్ అతని వైపు తిప్పబోయాను.

తెర మధ్యలో రెహానా పేరుతో ఫైలు ఉంది.

ప్లగ్గు పీకేశాను. కంప్యూటర్ ఖరాబైందన్నాను. బూతులు తిట్టుకుంటూ పోయాడు.

వెంటనే రెహానాకు ఫోన్ చేసి గది మారమన్నాను. ఎక్కడికని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ డిస్కును సుత్తితో చితక్కొట్టాను. కొత్తది వేయించి, కొత్త పాస్‌వర్డ్ పెట్టి, ఇంటర్నెట్ కూడా తీయించేశాను.

మర్నాడు పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే మళ్లీ అదే ఫైలు. తెరిచాను. అగ్రిమెంటు అదే, చిరునామా మాత్రం వేరే. బేగంబజార్‌లో ఒక గిన్నెల దుకాణం పైన గది. నేను టైపు చేసింది కాదు. ఆ చిరునామా తప్పని తేలితే చాలనుకుని రెహానాకు ఫోన్ చేసి చదివి వినిపించాను.

ఫోన్‌లో తలుపు గడియ వేసిన చప్పుడు వినిపించింది.

“రాత్రే వచ్చిన ఈడికి. మా అమ్మకు సుత చెప్పలే,” అంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. “వాడు నీ పక్కనే ఉన్నడా అక్కా?”

లేడని చెప్పేలోపే ఫోన్ పెట్టేసింది. ఆ నంబరు మళ్లీ కలవలేదు.

ఎవరో హ్యాక్ చేశారని అందరూ తేలిగ్గా అంటారు. కాగితం మీదకే రాని చిరునామాను ఎలా హ్యాక్ చేస్తారు? నాకు తెలియదు. రెహానా మాత్రం ఎక్కడున్నా, తన జాడ మొగుడికి చెప్పింది నేనే అనుకుంటూ ఉంటుంది. కాదని ఆమెకు చెప్పుకోవడానికి కూడా నాకు దారి లేదు.