సిలువ మీది పేరు

సుబేదారిలోని నా ఆన్‌లైన్ సెంటర్ మెట్టెక్కే ముందు మిలిట్రీ తాత చొక్కా కాలర్ గుండీ పెట్టుకునేవాడు. నా కంప్యూటర్‌కు అంత మర్యాద ఇచ్చిన మనిషి ఇంకొకరు లేరు. ఆయన మిలిట్రీ డిశ్చార్జి బుక్కులో పేరు తప్పు పడింది; సరిచేయమని నా దగ్గరే అర్జీ పెట్టించాడు. అది సరికాకపోతే తన తర్వాత భార్యకు పింఛను రాదేమోనని ఆయన ఫికర్.

"నా పేరొచ్చిందా బిడ్డా?"

"రాలే తాతా. బార్డర్ల ఆపినట్టున్నరు."

రెండేళ్లు ప్రతి సోమవారం అదే ప్రశ్న, అదే జోకు. ఒక సోమవారం ఆయన రాలేదు. దవాఖానలో పోయాడని తెలిసింది.

సమాధి దగ్గర కర్ర సిలువ మీద రంగుతో పేరు రాసే పని నాకు పడింది. నా రాత అందమైనదని కాదు, ఊరికే రాస్తానని. మొదటి అక్షరం పెట్టకముందే ఆయన భార్య, నేను అవ్వా అని పిలిచే ఆమె, నా చెయ్యి పట్టుకుంది.

"బుక్కుల ఉన్న పేరే రాయి."

"సమాధిని ఎవరు చెక్ చేస్తరు అవ్వా?"

"వాళ్లు చేస్తరు. రెండు పేర్లు జూసి నా పింఛను ఆపితే?"

తప్పు పేరే రాశాను.

నెల తిరిగాక సరిచేసిన కాగితం వచ్చింది. ఇంటికి తీసుకెళ్లి అవ్వకు చదివి వినిపించాను. పేరు ఎక్కడుందో చూపించమని అడిగి, ఆ చోటును వేలితో తడిమింది.

"రంగు ఇంక మిగిలిందా బిడ్డా?" అంది.