ఆమె వచ్చిందా?

మా మైక్ సెట్ చాచా పోయారని పోయిన నెల వైరా బస్టాండు దగ్గర టీ బండి ఆయన చెప్పాడు. వినగానే నాకు గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు, అరచెయ్యి. చెవులు మందగించాక చాచా పాటను చేత్తో వినేవారు. సౌండ్ బాక్సు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, "అవ్, ఇప్పుడు సక్కగ పలుకుతుంది" అనేవారు.

ఆయన షాపు పక్కనే నా జిరాక్స్ షాపు. పెళ్ళిళ్ళకు బాక్సులు కిరాయికిచ్చే మనిషికి అన్ని పాటలూ ఒకటే అనుకుంటాం కదా. చాచాకు అట్లా కాదు. ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఆయనకొక జపాన్ అమ్మాయి పాట దొరికింది. అందులో ఒక్క మాట తప్ప ఏదీ అర్థం కాదు. ఆ అమ్మాయి మళ్ళీ మళ్ళీ "ఆమె... ఆమె..." అంటుంది. "జపానోళ్ళకు తెలుగొస్తదా ఏంది?" అని చాచా నన్ను అడిగారు, నవ్వకుండానే.

ఆ పాట సంగతి నెట్‌లో చదివి చెప్పాను. ఆ అమ్మాయి కొత్తగా పాడుతున్న రోజుల పాటట. సొంత దేశంలో ఎవరూ పట్టించుకోలేదట. ఎక్కడో పరాయి దేశాల క్లబ్బుల్లో, ఆ భాష రాని కుర్రకారు దానికి ఊగిపోయాకే పేరొచ్చిందట. చాచా చేతిలో టీ చల్లారిపోయింది.

"అర్థమైనోళ్ళు ఇనలే. అర్థంగానోళ్ళు ఎగిరిర్రు. గిట్లెందుకైతదంటవ్?"

పాట అర్థం కూడా చూసి చెప్తానంటే వద్దన్నారు. "జల్దీ ఏముంది? నేనే పట్టుకుంట."

భద్రాచలం అవతల అడవిలో ఒక కోయగూడెం పెళ్ళిలో ఆ పాట వేశారు. ఆ రోజు నేనూ వెంట ఉన్నాను. ఆడవాళ్ళు భుజాల మీద చేతులు వేసుకుని, వరసకట్టి, తమ అడుగునే దానికి కలిపి ఆడారు. ఆట అయ్యాక ఒక అవ్వ వచ్చి, "ఎవరామె? అంతగనం పిలుస్తాంది. వచ్చిందా, రాలేదా?" అని అడిగింది. "కనుక్కొని మల్లొచ్చినప్పుడు జెప్త అవ్వా" అన్నారు చాచా.

ఇక ఆయనకదే ధ్యాస. వైర్లు చుడుతూ చుడుతూ ఆగి, "ఆమె వచ్చే ఉంటదంటవా?" అనేవారు. చాచీ వింటే అన్నం పెట్టదని నేను ఏడిపించేవాణ్ణి. అది తేలకుండానే వెళ్ళిపోయారు.

అదే గూడెంలో ఆయన ఒప్పుకున్న పెళ్ళి ఇంకొకటి ఉంది. ఇచ్చిన మాట ఆగకూడదని చాచీ కొడుకును పంపింది. నేనూ బండెక్కాను. భద్రాచలంలో ఫోన్ సిగ్నల్ పోకముందే పాట అర్థం చూశాను. జపాన్ భాషలో 'ఆమె' అంటే వాన. ఆ పిల్ల వాన కోసం ఎదురుచూస్తోంది, అంతే. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. చాచా వింటే ఎంత సంబరపడేవారో.

అవ్వకు ముందు చాచా లేరని చెప్పాను, తర్వాత పాట సంగతి చెప్పాను.

"వాన గూడ ఆమెనే గద బిడ్డా. దుక్కి దున్ని మేం జూసేది ఆమె తొవ్వనే."

పాట మొదలైంది. అవ్వ వరసలోకి వెళ్ళలేదు. చాచా చెయ్యి ఆని ఆని బాక్సు మీద రంగు పోయిన చోట తన అరచెయ్యి ఆనించి, పాట అయ్యేదాకా అట్లాగే నిలబడింది.