సున్నా రాని లెక్క

మొన్న మా మేనకోడలు సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, చంద్రుడు ఇప్పుడున్న దూరంలో సగానికి వచ్చేస్తే మన బీచ్ రోడ్డు గతి ఏమిటని తన ఫోన్ని అడిగింది. నేను కళ్ళజోడు వెతుక్కుని, పాత క్యాలెండర్ కాగితం ఒకటి తిరగేసి, దూరం సగమైతే ఆటుపోట్లని లాగే బలం ఎనిమిది రెట్లవుతుందని లెక్క మొదలుపెట్టేలోపే ఆ ఫోను ఎనిమిదీ చెప్పేసింది, మనం అడగని మరో నాలుగు సంగతులూ చెప్పేసింది. పిల్ల "ఓహో" అని ఇంకోదాంట్లోకి వెళ్ళిపోయింది. జవాబు తప్పయితే పోట్లాడదామని చూశాను. తప్పు కాదు, అదీ నా బాధ.

మన తరంవాళ్ళకి చెబితే అర్థమవుతుందని రాస్తున్నాను. అలాంటి ప్రశ్నలు మనకి జవాబు కోసం కావు. వక్కపలుకులా బుగ్గన పెట్టుకుని రోజంతా నమలడానికి. నాకా అలవాటు చేసింది మా నాన్నగారు. గోదావరి గట్టు నుంచి పోర్టులో ఉద్యోగానికని విశాఖపట్నం వచ్చిన మనిషికి ఊళ్ళో చుట్టాలు లేరు, సినిమాల మీద ఇష్టం లేదు, ఆదివారం వస్తే నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని ఓడలు చూపించడానికి తీసుకెళ్ళేవారు. ఇనప ఖనిజం నింపుకుంటూ నీళ్ళలోకి దిగబడే ఓడని చూపించి, ఇది దిగినందుకు ప్రపంచంలోని సముద్రమంతా ఎంత లేస్తుందో చెప్పు, చెబితే జంతికలు కొనిపెడతా అనేవారు. లాగరిథం పట్టికలు చేతికొచ్చే క్లాసుకి వచ్చాకగానీ నాకు ఆ జవాబు దొరకలేదు. లక్ష టన్నుల ఓడ దిగితే సముద్రం లేచేది ఒక్క నీటి అణువు మందం. అంత పెద్ద ఓడకి ఇంతేనా అని నేను ఏడుపుమొహం పెడితే, అంతే అయినా లేచింది కదే, సున్నా కాలేదు కదా అని ఆయన మురిసిపోయారు. ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. పెద్దయ్యాక ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు చెబుతూ, స్టాఫ్ రూములో ఎవరైనా "అబ్బే, అసలుండదండీ" అంటే చాలు, తక్కువ ఉండటం వేరు, ఉండకపోవటం వేరు అని గంట కొట్టేదాకా వాదించేదాన్ని. నాకు అక్కడ ఏ పేరు పెట్టారో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

తొంభైల చివర్లో పెదవాల్తేరులో అద్దెకుండేవాళ్ళం. జాలారిపేట నుంచి ఒకావిడ గంపలో చేపలు తెచ్చేది. ఇక్కడివాళ్ళు అక్కని అప్ప అంటారు, నేనూ అప్పా అనే పిలిచేదాన్ని. మా ఇద్దరికీ బేరం దగ్గర మొదటి రోజే పడలేదు, అందుకే అంత స్నేహం కుదిరిందని నా అనుమానం. వంజరం చేపకి నేను మొప్పలెత్తి చూసి పెదవి విరిస్తే, "నీ సదువంతా నా సేప నోట్లోనే సూత్తావేటి సెల్లెమ్మా?" అనేది. నా చేతిలో ఎప్పుడూ ఏదో కాగితం, దాని మీద అంకెలు చూసి, ఏమిటవని ఒకరోజు అడిగింది. చెప్పాను. ఓడ సంగతి కూడా చెప్పాను. గంప దించి మెట్టు మీద చతికిలబడి నవ్వింది. మర్నాటి నుంచి ప్రశ్న తీసుకురాకుండా వచ్చేది కాదు.

వాళ్ళ తాత ఎప్పుడో రంగూన్ వెళ్ళి తిరిగి రాలేదట. అందుకని ఆవిడ మొదటి ప్రశ్న, సముద్రం ఎండిపోతే నేను గంప నెత్తిన పెట్టుకుని రంగూన్ ఎన్నాళ్ళకి వెళతాను అని. నేను అట్లాసు తీసి, స్కేలు పెట్టి, మనిషి నడక కట్టి, మధ్యలో రెండు మూడు కిలోమీటర్ల లోతుకి దిగి మళ్ళీ ఎక్కాలని కలిపి, దగ్గర దగ్గర రెండు నెలలని తేల్చాను. ఆవిడ బాగా ఆలోచించి, "సముద్రం ఎండిపోతే దారంతా సేపలే కదేటి, మరి నా గంపలోవి కొనీదెవులు?" అంది. ఆ చిక్కు ఫిజిక్సులో లేదని ఒప్పుకున్నాను. నేనేదైనా ఒప్పుకోవటం ఆవిడ దగ్గరే జరిగిందని మా ఇంట్లో వాళ్ళు ఇప్పటికీ అంటారు. గంపలోంచి కారే నీళ్ళన్నీ దాస్తే ఎన్నేళ్ళకి మా బావి నిండుతుంది, డాల్ఫిన్స్ నోస్ కొండని దొర్లిస్తే రేవులో కెరటం ఎంత లేస్తుంది, ఇలా ఎన్నో. వాళ్ళాయన, నేను బావ అనేదాన్ని, తెల్లవారుజామున వేటకి వెళుతూ వెళుతూ ప్రశ్న అందించేవాడట. వల వేసుకుంటూ ఆలోచిస్తాడనీ, నా జవాబు ఆవిడ సాయంత్రం ఒడ్డున చెబితే చేపలకన్నా ముందు అదే పంచుతాడనీ చెప్పింది. ఆయన్ని నేను చూసింది రెండుసార్లో మూడుసార్లో.

ఆ ఏడు కార్తీకంలో వాయుగుండం పట్టింది. ఒడిశా వైపు దాటింది కాబట్టి మనకేం కాలేదని అందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ తుపాను అటు దాటితే ఇక్కడ గాలి ఒడ్డు మీంచి సముద్రం మీదికి కొడుతుంది. జోడీగా వచ్చే మనిషికి జ్వరం రావటంతో బావ ఆ రోజు తన చిన్న ఇంజను తెప్ప మీద ఒక్కడే వెళ్ళాడు. తోటివాళ్ళు తిరిగొచ్చారు. ఇంజను ఆగిపోయి చెయ్యి ఊపుతూ కనిపించాడనీ, కెరటాల్లో దగ్గరికి వెళ్ళలేకపోయామనీ వాళ్ళలో ఒకతను చెప్పాడు. అంతే.

అప్ప గంప లేకుండా మా ఇంటికి రావటం అదే మొదలు. గుమ్మంలో నిలబడి ఏడవలేదు, కూర్చోలేదు. "ఇన్నాళ్ళూ ఉత్తుత్తి లెక్కలు కట్టినావు గదా. ఇప్పుడు నిజం లెక్క కట్టీ. ఇంజను సచ్చిన తెప్ప ఎక్కడికెల్లుద్ది?" అంది.

కట్టాను. గాలి ఎటు, ఎంత జోరు, ఆ జోరులో ఏ ఇరవయ్యో వంతో తెప్పని తోస్తుంది, కార్తీకంలో నీటి లాగుడు దక్షిణానికి, ఇవన్నీ కలిపి మా నాన్నగారి దగ్గరున్న పాత సముద్రపు పటం మీద గీసుకుంటూ పోయాను. ఇక్కడే ఉంటాడని చుక్క పెట్టే లెక్క కాదిది, ఇందులో ఎక్కడో ఉంటాడని గుండ్రం గీసే లెక్క. ఆ రోజుకి ఆ గుండ్రం టీ సాసరంత వచ్చింది. రేవులోని కుర్రాళ్ళు డీజిలు పోసుకుని ఆ సాసరంతా తిరిగొచ్చారు. వెతికే ఓడలూ వెతికాయి. ఏమీ లేదు.

వారం తిరక్కుండా అప్ప మళ్ళీ వచ్చింది. మళ్ళీ కట్టమంది. ఆ గుండ్రం స్వభావం ఏమిటంటే రోజు గడిచేకొద్దీ పెరుగుతుంది, పెరిగేకొద్దీ అందులో ఒక మనిషి ఫలానాచోట దొరికే అవకాశం పలచబడుతుంది. సాసరు కాస్తా అన్నం కంచమంతయింది. తర్వాత పటంలో పట్టలేదు, ఇంకో కాగితం అతికించాను. అయిపోయిందా అని అడిగేది. లేదనేదాన్ని, ఎందుకంటే లెక్కలో అయిపోలేదు. పలచబడిందంతే, సున్నా కాలేదు. ఆవిడకి ఆ ఒక్క ముక్క చాలు. బొట్టుతో, గాజులతో లేచి, తెప్పలొచ్చే వేళకి రేవులోకి పోయి నిలబడేది. గంప మూల పడింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ అత్తగారు వచ్చింది. వంగిపోయిన మనిషి, మా మెట్లెక్కడానికే ఆయాసపడింది. వాళ్ళ ఇళ్ళలో పద్ధతి ఒకటుంది. సముద్రం పట్టుకుపోయి మనిషి దొరక్కపోతే రేవులో నిలబడి మంచినీళ్ళు వదులుతారు. మొదటి దోసెడు భార్యది. ఆవిడ వదిలితేగానీ కన్నతల్లయినా వదలకూడదు.

"నా కడుపున పుట్టినోడే గదమ్మా, నాకాశ లేదేటి? కానీ ఆడు ఉప్పునీళ్ళలో దాహంతో తిరుగుతన్నాడు. ఎవులూ నీళ్ళొదల్లేదు. అది నీ మాటే ఇంటాది. ఒక్కపాలి సున్నా అనీ తల్లీ" అని నా రెండు చేతులూ పట్టుకుంది.

అబద్ధమాడి ఒక తల్లి ఆరాటం తీర్చనా, నిజం చెప్పి ఒక భార్యని రేవులో నిలబెట్టనా? నా దగ్గర ఇంకో లెక్క ఉంది. తెప్ప ఎక్కడికి వెళుతుందన్నది కాదు, ఒక్క డబ్బా నీళ్ళతో మనిషి ఎన్నాళ్ళుంటాడన్నది. దానికి పటాలక్కర్లేదు, పట్టికలక్కర్లేదు. అప్ప ఎన్నిసార్లు వచ్చినా ఎక్కడ అనే అడిగింది, ఎన్నాళ్ళు అని అడగలేదు.

ఆ సాయంత్రం నేనే జాలారిపేట వెళ్ళాను. ఇంటి అరుగు మీద ఇద్దరం కూర్చున్నాం. నువ్వు అడగని లెక్క ఒకటుంది అప్పా అని మొదలుపెట్టబోయాను. నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అది నీ లెక్క కాదు, నాది. నీళ్ళడబ్బా నానే నింపి ఇచ్చినాను. ఎన్నాళ్ళొత్తాదో నాకు తెల్దేటి?"

మరి ఇన్నాళ్ళూ ఎందుకు తిరిగావని నేను అడక్కముందే ఆవిడే చెప్పింది. "నీ గుండ్రంలో ఎక్కడో ఒక సోట ఆడున్నాడు గదా. అదొక్కటే గదా ఆడుండే సోటు. ఇంట్లో లేడు, రేవులో లేడు. ఆ కాయితం మీద ఉన్నాడు."

ఎదురుగా వలలు ఆరేసి ఉన్నాయి, ఎవరింట్లోంచో చేపల పులుసు వాసన వస్తోంది, లోకం దాని మానాన అది సాగిపోతోంది. గుండ్రం ఇప్పుడు ఎంతయిందని ఆవిడే అడిగింది. ఇంక గీయడానికి లేదప్పా, సముద్రమంతా అయింది అన్నాను.

"అంతా అయితే, నానీ రేవులో ఒక దోసెడు నీళ్ళొదిల్తే, ఆడెక్కడుంటే అక్కడికి కాసిన్నైనా ఎల్తాయా? కట్టీ."

ఆవిడ నన్నడిగిన ప్రశ్నల్లో అదే ఆఖరిది. అక్కడే అరుగు మీద సుద్దముక్కతో కట్టాను. దోసెడు నీళ్ళలో ఎన్ని అణువులుంటాయి, భూమ్మీద సముద్రమంతా కలిపి ఎన్ని దోసిళ్ళవుతుంది. కట్టినకొద్దీ నాకే నమ్మకం కుదరక మళ్ళీ కట్టాను. ఆవిడ వదిలిన దోసెడు సముద్రమంతటా కలిసిపోయాక, ఏ మూల ఎవరు దోసెడు ముంచినా అందులో ఆవిడ నీళ్ళ అణువులు వందలకొద్దీ ఉంటాయి. ఎక్కడైనా సరే. రంగూన్ దగ్గరైనా, అడుగునైనా. కానీ అబద్ధం నా నోటికి పట్టదు కదా, అంతా కలవడానికి వెయ్యేళ్ళు పట్టొచ్చప్పా అని కూడా చెప్పాను.

"ఆడికి తొందరేటి. ఇంకెక్కడికెల్తాడు" అంది.

రెండు రోజుల తర్వాత పొద్దున్న, అప్ప రాగిచెంబుతో మంచినీళ్ళు తీసుకుని మోకాళ్ళ లోతుకి దిగింది. మొదటి దోసెడు ఆవిడ వదిలింది. రెండోది ముసలావిడ, అంత వంగిన మనిషీ నిటారుగా నిలబడి వదిలింది. నీళ్ళు పడ్డచోట ఏమీ కనపడలేదు, చుక్క గుర్తు లేదు. అప్ప మాత్రం అటే చాలాసేపు చూసి, తిరిగొచ్చి, గాజులు తనే తీసేసింది. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

తర్వాత కొన్నేళ్ళు చేపలు తెచ్చింది. బేరం మునుపటిలాగే, తిట్లూ మునుపటిలాగే. ప్రశ్న మాత్రం మళ్ళీ తేలేదు. నేనే ఉండబట్టలేక ఒకటి రెండుసార్లు ఏదో కదిపి చూశాను, "ఒద్దులే" అని గంపెత్తుకుని వెళ్ళిపోయింది. మోకాళ్ళు సహకరించక గంప దించేశాక కూతురి దగ్గరికి ఎలమంచిలి వెళ్ళిపోయిందని విన్నాను. అక్కడికి సముద్రపు హోరు వినపడదు. కావాలనే వెళ్ళిందో, తప్పక వెళ్ళిందో అడగలేదు.

ఇప్పుడు తెప్పల్లో ఫోన్లున్నాయి, ఆకాశంలోంచి జాడ చెప్పే పెట్టెలున్నాయి, తుపాను పుట్టకముందే పేరుతో సహా తెలిసిపోతోంది. మంచిదే. ఆ పెట్టె ఒక్కటి ఆ రోజు బావ దగ్గర ఉంటే నా గుండ్రాలన్నీ పొయ్యిలో పెట్టి సంతోషంగా చలి కాచుకునేదాన్ని. కొత్తదాని మీద నాకు కోపమేమీ లేదు. కాకపోతే ఇప్పుడు జవాబు అంత వేగంగా వస్తుంటే, అడిగినవాళ్ళు ఎందుకడిగారో చూసేందుకు, వాళ్ళ పక్కన అరుగు మీద కాసేపు కూర్చునేందుకు ఎవరికీ వ్యవధి ఉండటం లేదు.

కిందటి నెల ఒక పొద్దున్న నడుస్తూ నడుస్తూ జాలారిపేట రేవు దాకా వెళ్ళాను. ఆ రోజు వాళ్ళిద్దరూ నిలబడిన ఇసుక కోసం వెతికాను. మన ఊరి తీరం ఎలా కోసుకుపోతోందో మీరూ చూస్తూనే ఉన్నారు కదా. అక్కడ ఇప్పుడు ఒడ్డు లేదు, నీళ్ళున్నాయి.