ధర్మపురి రేవుకు బాపు కుర్చీ ప్రయాణం

సెలవుల్లో ఎవరైనా హాయిగా తిరిగి రావడానికి పోతారు. మేం మాత్రం బాపును, అంటే మా నాన్నను, ఎత్తుకోవాలా వద్దా అని తగువులాడుకోవడానికి పోయినట్టుంది. డెబ్బైల మొదట్లో మాట. బొగ్గు గనిలో కప్పు కూలి నడుం మీద పడ్డాక బాపుకు కాళ్ళు రెండూ పనిచెయ్యకుండా పోయాయి. దవాఖానలో ఓ చక్రాల కుర్చీ ఇచ్చారు. అది గోదావరిఖనిలో మా క్వార్టరు వాకిలి దాటింది లేదు. ఆ ఎండాకాలం బడికి సెలవులివ్వగానే, ధర్మపురి పోయి గోదావరిలో మునుగుదామని బాపే అన్నాడు.

"గానీ నన్నెవ్వలు ఎత్తుకోవద్దు. ముందే చెప్తున్న," అని షరతు పెట్టాడు.

ఆ పంతమేమిటో నాకు అర్థం కాలేదు. నడవలేని మనిషిని ఎత్తుకోక ఏం చేస్తారు? నన్నెవరైనా ఎత్తుకుంటామంటే పదేళ్ళ దాన్నైనా ఎగిరి గంతేసేదాన్ని.

బస్సు దగ్గరే షరతు మట్టిలో కలిసింది. కండక్టరు కుర్చీని టాపు మీద కోళ్ళ గంపల పక్కన కట్టించాడు. బాపును మా మామ, అంటే మేం అవ్వ అని పిలిచే మా అమ్మకు తమ్ముడు, వీపున వేసుకుని ఎక్కించాడు. బస్సంతా చూసింది. "బియ్యం బస్తను ఎక్కించినట్టు ఎక్కిచ్చిండ్రు," అని బాపు కిటికీ వైపు తిరిగాడు. ఇద్దరికీ సర్దిచెప్పలేక అవ్వ నన్ను తిట్టింది. నేను చేసిన తప్పేమిటో ఇప్పటికీ తెలియదు.

దిగాక బాపు మళ్ళీ పట్టుబట్టాడు. నీళ్ళ దాకా కుర్చీలోనే పోతాడట, నీళ్ళలోకి తనే దిగుతాడట. మెట్ల వైపు కుదరదని, ఎడ్లబండ్లు దిగే బాటన పోయాం. అది ఏటవాలుగా ఇసుకలోకి దిగుతుంది. చేతికర్రతో మామ ముందు నడిచాడు, వెనక అవ్వ కుర్చీ పట్టుకుంది. సగం దిగామో లేదో అవ్వ కాలు జారింది, చేతులు వదిలేసింది. కుర్చీ కిందికి ఉరికింది. బాపు "ఓ!" అని అరిచాడు. అది భయమో సంబరమో ఎంత ఆలోచించినా తేలలేదు నాకు.

మామ గనిలో టబ్బులు, అంటే పట్టాల మీది బొగ్గు తొట్లు, తోసేవాడు. బొగ్గు నింపిన టబ్బు వాలులో చెయ్యి తప్పితే, చక్రంలో కట్టె దూర్చి ఆపాలి. లేకపోతే కింద ఉన్నవాళ్ళ ప్రాణాలు పోతాయి. మామ ఆలోచించనేలేదు. పక్కకు దుమికి, చేతికర్రను కుర్చీ చక్రం పుల్లల్లో దూర్చేశాడు. కుర్చీ టక్కున ఆగింది. బాపు ఆగలేదు. ఎగిరి ఇసుకలో బోర్లా పడ్డాడు.

"బావా! సంపిన, నా చేతులతోనే సంపిన!" అని మొత్తుకుంటూ మామ ఎత్తబోయాడు.

"ముట్టకు!" అన్నాడు బాపు. ముక్కులోంచి నెత్తురు కారుతోంది. మోచేతుల మీద పాకుతూ నీళ్ళ వైపు పోసాగాడు. సాయం పోవాలో, నిలబడి చూడాలో, తల తిప్పుకోవాలో తెలియక నేను అవ్వ కొంగు పట్టుకున్నాను. బాపు నీళ్ళలోకి చేరి, మెడ దాకా కూర్చుని, తల ముంచి లేచాడు. నాకు చెప్పలేనంత సంతోషం వేసి చప్పట్లు కొట్టాను. అవ్వ నా నెత్తిన ఒక్కటేసింది.

చక్రం పుల్లలు వంకరపోయి కుర్చీ కదలనంది. ఇక పైకి పోవాలంటే ఎత్తుకోవడమే. ఆ మాట బాపుతో ఎవరంటారు? మామ దూరంగా ఇసుకలో కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. అవ్వ పిలిస్తే, "నేను బావను ముట్టనక్కా. ఈ చేతులు మంచియి కావు," అన్నాడు. చేతుల్లో కూడా మంచివీ చెడ్డవీ ఉంటాయా అని నేను తికమకపడుతుండగానే, బాపు నీళ్ళలోంచి పాకి వచ్చి, మామ ఎదుట రెండు చేతులూ పైకి చాపాడు.

"ఎత్తుకోరా బామ్మర్దీ."

మామ కదలలేదు. బాపు చేతులు దించలేదు. చివరికి మామ కళ్ళు తుడుచుకుని, వంగి వీపు ఇచ్చాడు.

పొద్దున అంత పంతం పట్టిన మనిషికి ఇప్పుడేమైందో నాకు బోధపడలేదు. అడుగుదామని పరుగున ముందుకు పోయి చూశాను. బాపు మామ మెడ మీద చెంప ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"నిమ్మలంగ నడువురా," అంటున్నాడు. "జల్దేం లేదు."