బిమ్లాజీ బొటనవేలు

మొన్న ఫోన్ బాగు చేయించుకుందామని నోయిడా మెట్రో స్టేషన్ పక్కనున్న దుకాణానికి వెళ్లాను. దుకాణదారు సాల్డరింగ్ కడ్డీ ఆనించగానే సన్నటి పొగ లేచింది. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే మూర్తిగారు గుర్తొచ్చారు. ఆయన పోయి నాలుగేళ్లవుతోంది. ఆయన గదిలో ఎప్పుడూ ఇదే వాసన. సంపాదకుడై ఎన్నేళ్లయినా బల్ల మీద ఏదో ఒక పాత కంప్యూటర్ బోర్డు పెట్టుకుని అతుకుతూనే ఉండేవారు.

రెండు వేల దశకం మధ్యలో, ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో మూడేళ్లు చదివి, సివిల్స్ గట్టెక్కలేక, ఇంటికి వెళ్లే ముఖం లేక, నోయిడాలోని ఒక కంప్యూటర్ పత్రికలో చేరాను. మూర్తిగారు దాని సంపాదకులు, కాకినాడ మనిషి. మన దేశంలో చిన్న కంప్యూటర్లు తయారవడం మొదలైన కొత్తల్లో, ఢిల్లీలోని ఓఖ్లాలో ఒక రేకుల షెడ్డులో ఇంజనీరుగా పనిచేశారు. పత్రికలో ఆయన పెట్టిన నియమం ఒకటుండేది. వ్యాసంలో ఎవరి పేరు వచ్చినా, అచ్చుకు వెళ్లే ముందు ఆ భాగం వాళ్లకు చదివి వినిపించాలి. ఆఫీసులో అందరూ విసుక్కునేవారు, నేనూ తక్కువేం కాదు. "మనం రాసేది వాళ్ల బతుకు, అమ్మాయ్. ఒక్కసారి విననివ్వు," అనేవారు.

ఆ తొలి కంప్యూటర్ల కథను నెలనెలా రాసే పని నాకు అప్పగించారు. మొదటి భాగం ఏమిటో వెతుక్కోనక్కర్లేదు, అప్పటికే పత్రికల్లో, పుస్తకాల్లో ఎన్నోసార్లు వచ్చిన ఉదంతమే. ప్రభుత్వ అధికారుల ముందు ప్రదర్శించాల్సిన రోజున, మే నెల ఎండకు యంత్రం ఆగిపోయింది. యువ ఇంజనీరు మూర్తి మూత విప్పి, వేడికి గూళ్లలోంచి పైకి లేచిన చిప్పులను బొటనవేలితో ఒక్కొక్కటే నొక్కి దాన్ని బతికించారు. కంపెనీ నిలబడింది. ఒక పాత ఫొటోలో ఆయన పక్కనున్న మహిళ పేరు వెనకవైపు రాసి ఉంటే, 'చిప్పులు అమర్చే బిమ్లా భయంతో చూస్తూ నిలబడింది' అని నా సొంత కవిత్వం ఒక ముక్క చేర్చాను. పేరు రాశాను కనుక నియమం ప్రకారం ఆమెకూ వినిపించాలి. పాత ఉద్యోగులను అడిగి చిరునామా సంపాదించాను. సార్‌తో చెప్పాల్సినంత విషయం అనుకోలేదు.

బిమ్లాజీ తన ఇంట్లో మంచం మీద కూర్చుని బఠానీలు ఒలుస్తూ విన్నారు. నేను హిందీలో చెబుతూ భయం మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె చేయి ఆగింది.

"నాకెందుకు బేటీ భయం? అంగూఠా నాదే," అని బొటనవేలు చూపించారు. "అవన్నీ నేను గుచ్చిన చిప్పులే. వేడికి లేస్తాయని నాకు తెలుసు. మూర్తి సాబ్‌కి చెమటలు పట్టేశాయి, పాపం. నేనే నొక్కి మూత పెట్టాను."

ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు మరీ కష్టమనిపించింది.

మరుసటి నెలలో మూర్తిగారి పదవీ విరమణ, సన్మానం. ఆహ్వానపత్రం మీద కూడా ఆ బొటనవేలి బొమ్మే వేయించారు. చెబితే నా ఉద్యోగం ఏమవుతుందోనన్న బెంగ కూడా లేకపోలేదు. అయినా వెళ్లి చెప్పాను. ఆయన సాల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టారు.

"నిజమే," అన్నారు.

"మరి మీరెందుకు సార్..."

"మొదట ఎవరో విలేఖరి అలా రాశాడు. నేను కాదనలేదు. తర్వాత అడిగినవాళ్లకల్లా నేనే చెప్పడం మొదలెట్టాను. చెప్పగా చెప్పగా నా వేలికే గుర్తున్నట్టుండేదమ్మాయ్."

నాకు ఆయన మీద కోపమొచ్చింది, జాలీ వేసింది. ఏది ముందో చెప్పలేను.

రెండు రోజుల్లో నా వ్యాసం పక్కనపెట్టి, జరిగింది జరిగినట్టు తన పేరుతో రాసుకొచ్చారు. సన్మానం వద్దని కబురు పెట్టారు. "ఆవిడకి చదివి వినిపించాలి కదా. రేపు పొద్దున్న నువ్వూ అక్కడికి వచ్చెయ్," అన్నారు. బిమ్లాజీ ఎదుట కూర్చుని ఒక్కో వాక్యం హిందీలో చెప్పారు. ఆమె చివరిదాకా విన్నారు.

"ఠీక్ హై సాబ్. కానీ ఒకటి వదిలేశారు. ఆ రోజు కంపెనీ మాలిక్ మీకిచ్చిన మిఠాయి డబ్బా మీరు నాకే ఇచ్చేశారు. అదీ రాయండి."

"అది వద్దు బిమ్లాజీ."

"జరిగిందా లేదా? రాయండి."

మూర్తిగారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. తర్వాత ఆ వాక్యం రాసి, అదీ చదివి వినిపించారు.

ఆయన నియమం నాకు అలవాటైపోయింది. ఎవరి గురించి రాసినా వాళ్లకు వినిపించకుండా పంపలేను. ఇప్పుడు రాస్తున్న దీన్ని ఆయనకు వినిపించే వీల్లేదు కనుక, ఆయన భార్య లక్ష్మి ఆంటీకి ఫోన్లో చదివాను. ఆ పొద్దున సార్ బిమ్లాజీ ఇంటికి నిబ్బరంగా బయల్దేరి వచ్చారని రాసుకున్నాను. ఆంటీ అక్కడ ఆపారు.

"నిబ్బరమా? నీకెవరు చెప్పారమ్మా? చెప్పులేసుకుని గుమ్మందాకా వెళ్లి, రెండుసార్లు వెనక్కొచ్చి కూచున్నారు. మూడోసారి నేనే మఫ్లర్ మెడకి చుట్టి పంపాను. అదీ రాయి."

రాశాను. మళ్లీ చదివి వినిపించాను.