బూజు కాదు, నక్షత్రం

ఆ వీధిలో ఎవరింటి ఫొటో చూసినా ముఖం మీద ఒక్క మొటిమ కనిపించదు. అదంతా టచింగ్ మాస్టారి చలవ. స్టూడియో వెనక గదిలో, అడుగున దీపం వెలిగే గాజుబల్ల మీద నెగటివ్ పరిచేవాడు. నలుపెక్కువైన చోట కత్తిమొనతో గీకి, తక్కువైన చోట పెన్సిలుతో నింపి, ఆముదం తాగిన ముఖాలకు కూడా కళ తెప్పించేవాడు. ఒక పెళ్లికొడుకు తన ఫొటోను తానే గుర్తుపట్టలేక వెనక్కిచ్చేశాడని చెప్పుకుంటారు. అందులో అబద్ధమున్నా కొంచెమే.

ఆయనకు ఒక్కగానొక్క అక్క. బడిలో సైన్సు చెప్పి రిటైరయింది. టెలిస్కోపుతో కాపురం చేస్తోందని తమ్ముడు వేళాకోళం ఆడేవాడు. ఆకాశాన్ని ఫొటో తియ్యడమంటే క్లిక్కుమనిపించడం కాదు. షట్టర్ తెరిచి, ఒక నక్షత్రం మీద గంటల తరబడి కన్ను వేసి ఉంచాలి. అది రవ్వంత జరిగినా మర తిప్పి మళ్లీ నడిమికి తేవాలి. అలాంటి అక్కకు కంటినరం దెబ్బతింది. ఇక బాగుపడేది కాదని డాక్టరు తేల్చేశాడు. ఉన్న చూపంతా కూడగట్టుకొని ఆమె ఒక ఫొటో తీసింది.

"ఇదే నా ఆఖరుదిరా. మా బడి గోడకు సరిపోయేలా పెద్దది చేసిపెట్టు" అని నెగటివ్ తమ్ముడి చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని గాజుబల్ల మీద పెట్టి చూశాడు. నక్షత్రాలు బాగానే ఉన్నాయి. నడుమ మాత్రం చిక్కుపడ్డ దారప్పోగుల్లా ఏదో ఉంది. తేమకు ఫిల్ము బూజు పడితే అచ్చం అలాగే ఉంటుంది. పాపం, అక్క కంటికి ఆనలేదు కాబోలనుకున్నాడు. ప్రాణం ఉసూరుమంది. తిండీ తిప్పలూ మాని, పోగు పోగూ గీకి శుభ్రం చేసి, పెద్ద ఫొటో వేశాడు.

అక్క వచ్చి, ఆ పెద్ద ఫొటోను ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకొని వెతికింది.

"వలయమేదిరా?"

"ఏం వలయం?"

"దారాల్లా ఉండాలి. వేల ఏళ్ల కిందట ఒక నక్షత్రం పేలిపోయింది. అందులోంచి చిమ్మిన వాయువు ఇప్పటికీ విచ్చుకుంటూ వెలుగుతోంది. దానికోసమే కదా తీసింది!"

"అక్కా, బూజనుకున్నాను."

"గీకేశావా?"

"గీకేశాను."

అక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఫొటోను ఒళ్లో బోర్లించుకొని స్టూలు మీద అలాగే కూర్చుండిపోయింది. ఆమె ఏడవడం ఆయన చిన్నప్పుడు కూడా చూడలేదు, ఇప్పుడు చూశాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆయన స్టూలు పక్కనే నేల మీద కూర్చున్నాడు. "అది ఇంకా అక్కడే ఉంటుందా?"

"ఎక్కడికి పోతుంది? మనిద్దరం పోయినా ఉంటుంది."

"అయితే నేను తీస్తాను. నువ్వు పక్కనుండి చెప్పు."

"నీకు నక్షత్రానికీ వీధిదీపానికీ తేడా తెలీదు కదరా."

"తెలీదు. కానీ చెయ్యి వణకదు."

ఆమె జ్ఞాపకం మీద ఆకాశంలో దారి చెబుతుంటే ఆయన టెలిస్కోపు గొట్టం తిప్పేవాడు. మబ్బులు ఏడిపించాయి. మెడ పట్టేసింది. ఫిల్ములు వరసగా పాడయ్యాయి. వేళాకోళం మాట అటుంచి, అక్క ఇన్నేళ్లూ ఏం చేసిందో అప్పటికిగానీ ఆయనకు తెలిసిరాలేదు. తెలిశాక ఆమె మీద గౌరవం పుట్టింది, తన మీద కోపమూ వచ్చింది.

చివరికొకనాడు డార్క్ రూములో ఫిల్ము కడిగి, దీపం వేసి పైకెత్తి చూశాడు. చెయ్యి తప్పినందుకు నక్షత్రాలు కోడిగుడ్లలా సాగిపోయాయి. వాటి నడుమ సన్నగా పోగులున్నాయి. వలయం ఒకవైపు తెగిపోయింది. పక్కనే అక్క నిలబడి ఉంది. దీపమున్న దిక్కు తప్ప ఆమెకిప్పుడు ఇంకేమీ తెలియడం లేదు.

"వచ్చిందా?"

అందంగా వచ్చిందన్నా నమ్మేదే. ఆయనకు మనసొప్పలేదు.

"వచ్చిందక్కా. కానీ వంకరటింకరగా ఉంది. ఒకవైపు లేనే లేదు."

అక్క చెయ్యి చాచి, తడుముకుంటూ ఆయన భుజం పట్టుకుంది.

"ఎలా ఉంటే అలాగే ఉండనీ. మా నాయనవు కదూ, ఇంక దాన్ని బాగుచెయ్యకు."